మేనమామ సొల్లు

పంటి నొప్పి, కింది దవడకు ఇంజెక్షన్, రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్, బిల్లు, అక్కడి నుంచి నేరుగా ఫంక్షన్ హాల్. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ట్రాఫిక్ గురించి చెప్పను, మొదలుపెడితే ఒడవదు. కౌంటర్లో పిల్లగాడు మిగిలిన ఫీజు గురించి మళ్లీ మళ్లీ గుర్తుచేశాడు, నా ఫోన్లో స్టార్లు కూడా వేయించుకున్నాడు. కింది పెదవి రెండు మూడు గంటలు మన మాట వినదని మాత్రం చెప్పలేదు.

చెల్లెలి కొడుకు అన్నప్రాశన. మేనమామనే తినిపించాలి. వెండి గిన్నెలో పాయసం, చెల్లె ఒళ్లో ఆర్నెల్ల అల్లుడు, ఎదురుగా కెమెరా. చెంచా ఎత్తాను.

"నవ్వండి సార్."

నవ్వాను. కుడి సగమే నవ్వింది. ఎడమ సగం సెలవులో ఉంది. ఆ మూల నుంచి సొల్లు బయల్దేరింది. తెలిస్తే కదా తుడుచుకునేది! మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది, తెలియకుండానే మింగేస్తుంటాం. మత్తు పెదవికే గానీ ఊటకు కాదు. నా మూతి కాపలా లేని చెరువు తూమైంది. గడ్డం దాకా వచ్చి ఆగి, కెమెరా లైటుకు తళుక్కుమని, కాస్త ఆలోచించుకుని, తీగ సాగుతూ పాయసం గిన్నె వైపు దిగసాగింది. అల్లుడు కళ్లప్పగించి చూస్తున్నాడు. వాడికీ కారుతోంది. పళ్లొచ్చే వయసు, మింగే పట్టు ఇంకా కుదరలేదు, ఏడాదిన్నర రెండేళ్ల దాకా ఎవరూ ఏమీ అనరు. మెడకు రుమాలు కట్టి మరీ బుగ్గ గిల్లుతున్నారు.

"అయ్యో, మూతి వంకర పోయింది!" చెల్లె అత్తగారి కేక.

"పక్షవాతం! పావురం రక్తం రుద్దాలె, జల్ది తెండి" అన్నాడు మిర్యాలగూడ పెద్దమనిషి. హైదరాబాద్ బస్సు నార్కట్‌పల్లి దాటకముందే నోరు తెరిచి నిద్రపోయి, పక్కవాడి భుజం తడిపే మనిషాయన. ముక్కు ఎప్పుడూ దిబ్బడే, ఊపిరంతా నోటితోనే. దానికి ఏ పావురాన్నీ పట్టలేదు మరి.

"మత్తు మందు" అని చెప్పబోయాను. పెదవులు కలవక "అత్తు అందు" అని వచ్చింది.

"మందు కొట్టొచ్చిండు" అని వెనక నుంచి తీర్పు.

"పొద్దుగాలనేనా!"

నర్సింగ్ చదివే అమ్మాయి ఒకామె జనాన్ని తోసుకొచ్చి రెండు చేతులూ పైకెత్తమంది. స్ట్రోక్ అయితే మూతి జారడంతో పాటు ఒక చెయ్యి కిందికి వాలిపోవచ్చట, మాట తడబడవచ్చట. మాట సంగతి అప్పటికే అందరూ విన్నారు కాబట్టి చేతులు ఎత్తాను, చెంచాతో సహా. పాయసం బావ పట్టు లాల్చీ మీద పడింది.

మత్తు దిగకముందే తింటే పెదవి కొరుక్కుంటారని రాత్రి చీటీ వెనక చదివాను. చిన్న అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. భోజనంలో ఏం కొరుక్కున్నానో అడగొద్దు.

ఆ ముక్క వీడియోలోంచి తీసేయమని కెమెరా అతన్ని బతిమాలాను. ఎడిటింగ్‌కు ఛార్జీ వేరే అన్నాడు.