చక్రం తిరగాల్సింది తవ్వేసిన నేల మీద, ఎర్రమట్టి దిబ్బల మీద కాదు

గత ఆదివారం పొద్దున్నే విశాఖ నుంచి భీమిలి వైపు వెళుతూ ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాను. పది మందికి పైగా కుర్రాళ్ళు మౌంటెన్ బైక్‌ల మీద దిబ్బ అంచు నుంచి నిటారుగా కిందికి దూకుతున్నారు. వీడియో సరిగా రాలేదని మళ్ళీ ఎక్కుతున్నారు, మళ్ళీ అదే గాడిలోంచి దిగుతున్నారు. నేనూ పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో సైకిలు తొక్కుతున్నవాణ్ణే, వాళ్ళలో ఇద్దరు నాకు బాగా తెలిసినవాళ్ళే. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, "మట్టే కదా అన్నా, రెండు వానలు పడితే అదే సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోదు. ఎందుకు సర్దుకోదో అక్కడ నిలబడి రెండు మాటల్లో చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ దిబ్బలు వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక. ఇనుము ఆక్సైడు వల్ల ఎర్రబడి, పైపైన మాత్రమే గట్టిపడి నిలబడి ఉన్నాయి. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో వాటిని భూ వారసత్వ స్థలంగా గుర్తించింది. మనం ఫొటోల్లో చూసి మురిసిపోయే ఆ లోయలన్నీ వాననీరు కోసినవే, కానీ ఆ నీరు తన దారి తాను వెతుక్కుంటూ, మలుపులు తిరుగుతూ నెమ్మదిగా కోసింది. టైరు వేసిన గాడి మాత్రం పై నుంచి కింది దాకా ఒకే గీతగా ఉంటుంది. తుపాను వాన దాంట్లో పడితే మలుపు లేక, అడ్డు లేక వేగం అందుకుని, ఒక్క రాత్రిలో గాడిని గొయ్యి చేస్తుంది. అక్కడే జీడితోటలో పనిచేసుకుంటున్న ఒక పెద్దాయన నాతో, "ఈళ్ళు గీత గీసి పోతారు బాబూ, ఆనక వాన దాన్ని తవ్వుకుంటాది" అన్నారు. నేను ఇంత పొడుగున చెప్పింది ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు.

"మరి మేమెక్కడ తొక్కాలి?" అన్నది ఆ కుర్రాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు జవాబు దొరికింది ఇక్కడ కాదు, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, మా అల్లుడుగారు కాసల్‌మేన్ నుంచి బెండిగో వరకు అడవిబాటలో సైకిలు తొక్కుదామని తీసుకువెళ్ళారు. బల్లారాట్ దగ్గరి బునిన్యాంగ్ కొండ నుంచి బెండిగో దాకా సాగే 210 కిలోమీటర్ల గోల్డ్‌ఫీల్డ్స్ ట్రాక్‌లో అది చివరి భాగం. 1851లో అక్కడ బంగారం బయటపడిన తరువాత ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చిపడి, వాగుల అడుగును, గట్లను, మైదానాలను తిరగేసి పారేశారు. ఆ నేల అసలు హక్కుదారులైన జా జా వురంగ్ ప్రజలు ఇప్పటికీ దాన్ని తలకిందులైన దేశం అంటారు. దారి పక్కన ఆ మాటకు సాక్ష్యాలు కనిపిస్తూనే ఉంటాయి: మొక్క మొలవని రాతి కుప్పలు, నీటితో కడిగి కడిగి కోసేసిన పసుప్పచ్చని మట్టి గోడలు, నోరు తెరుచుకున్న పాత గోతులు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది కాలువ. మట్టిని కడిగి బంగారం తీయాలంటే నీళ్ళు కావాలి, ఆ ప్రాంతమేమో మెట్ట. అందుకని కొలిబాన్ నది నీటిని కొండల చుట్టూ తిప్పి, పంపు అన్నది లేకుండా, వాలు ఒక్కటే ఆధారంగా కాలువలు తవ్వి, 1877 నాటికి బెండిగో చేర్చారు. ఈ రోజు సైకిలు బాట చాలా దూరం ఆ కాలువ గట్టు మీదే సాగుతుంది. నీరు ఉరకకుండా, నిలవకుండా పారడానికి ఎంత వాలు కావాలో అంతే ఉంచారు కాబట్టి, తొక్కుతుంటే ఎక్కుతున్నామో దిగుతున్నామో కూడా తెలియదు. కొండ ఎటు తిరిగితే బాటా అటే తిరుగుతుంది. మౌంటెన్ బైక్ బాటలు వేసేవారు ఈనాటికీ పాటించే సూత్రం కూడా దీనికి చుట్టమే: బాట వాలు ఆ కొండ వాలులో సగానికి మించకూడదు, బాట ఉపరితలం లోయ వైపు కొద్దిగా ఒరిగి ఉండాలి, అప్పుడు వాననీరు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా జారిపోతుంది. ఖొండలైట్ రాయి చివికి ఏర్పడిన మన తూర్పు కనుమల ఎర్రనేలకు, అందులోనూ తుపానులు తప్పని ఈ తీరానికి, ఈ సూత్రం అక్కడికంటే ఎక్కువ అవసరం.

మరొక సంగతి. ఆ అడవి పాత అడవి కాదు. గనులకు దూలాలనీ, ఇంజన్లకు వంటచెరకనీ చెట్లన్నీ నరికేస్తే, మొద్దుల నుంచి చిగిర్చి మళ్ళీ లేచిన అడవి. అందుకే అక్కడ చాలా చెట్లకు ఒకే మొదలు నుంచి రెండు మూడు కాండాలు ఉంటాయి. అదే ట్రాక్ మీద ఉన్న క్రెస్విక్ ఊరి చుట్టూ కొండలు బోడిగా మారితే, 1880లలో జాన్ లా గెర్ష్ అనే అటవీ ఉద్యోగి నర్సరీ పెట్టి మొక్కలు నాటించాడు. 1910లో అదే ఊళ్ళో అటవీ విద్యాలయం వెలిసింది. అంటే సైకిళ్ళను వాళ్ళు రానిచ్చింది ఒకసారి గాయపడి కోలుకుంటున్న నేల మీదికి. అది కూడా గుర్తు స్తంభాలు పాతి, కొన్నిచోట్ల సైకిళ్ళకు వేరే దారి చూపించి. నేను ఒక రాతి కుప్పను దగ్గరగా చూద్దామని సైకిలు దిగి నాలుగడుగులు వేశానో లేదో, "మావయ్యగారూ, బాట దాటకండి, ఆకుల కింద గోతులుంటాయి" అని మా అల్లుడుగారు కేక వేశారు. మరో ఇరవై అడుగుల దూరంలో అదే హెచ్చరిక బోర్డు మీద రాసి ఉంది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మనకు తవ్వేసిన నేల లేకనా? విజయనగరం జిల్లాలోని గరివిడి, కోడూరు, గర్భాం ప్రాంతాల్లో మాంగనీసు తవ్వకం పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ సాగింది. 1933లో మొదలైన మన విశాఖ రేవును కట్టడానికి ముఖ్య కారణమే మధ్య పరగణాల (నేటి మధ్యప్రదేశ్ వైపు) మాంగనీసు ఎగుమతి. ఖనిజం వల్ల పెరిగిన నగరంలో ఉంటూ, మన పక్కనే గరివిడి వైపు అదే ఖనిజం తీసిన చోటు ఎలా ఉందో మనలో ఎంతమంది చూశారు? అక్కడ నీళ్ళు నిలిచిన పాత గోతులు ఉన్నాయి, వాటి పక్కన తుమ్మ మొలిచిన రాళ్ళ కుప్పలు ఉన్నాయి. చక్రం చెరపడానికి అక్కడ కొత్తగా ఏమీ మిగల్లేదు, పైగా పద్ధతిగా బాట వేస్తే గట్టు నిలబడుతుంది, ఊరివాళ్ళకు టీ కొట్టు ఆదాయమైనా వస్తుంది. గోతులకు కంచె వేయడం, ఊరి పంచాయతీ అనుమతి, పని సాగుతున్న గనులకు దూరం పాటించడం మాత్రం తప్పనిసరి.

కంబాలకొండలో ఎందుకు తొక్కకూడదని వాదించేవారికి ఒక్క మాట. అది విశాఖను ఆనుకుని ఉన్న అభయారణ్యం. నడవడానికి చూపించిన దారి ఉంది, నడవండి. చీకటితో కంచె దాటి వెళ్ళి, ఆ దారిని ఫోన్ యాప్‌లో అందరికీ పంచిపెట్టడాన్ని నేను సాహసం అనలేను. అరకు, అనంతగిరి వైపు వెళ్ళేవారు కూడా అక్కడి కాలిబాట ఎవరో ఒక గిరిజన రైతు తన పొలానికి వెళ్ళే దారి అని గుర్తుపెట్టుకోవాలి. అడిగి వెళితే వాళ్ళే మనకన్నా మంచి దారి చూపిస్తారు.

నన్ను "అన్నా" అన్న ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం సైకిళ్ళు ఇంట్లో వదిలేసి, ప్యాసింజర్ బండిలో గరివిడి వెళుతున్నాం. ముందు ఊరి పెద్దలను కలిసి, వాళ్ళు సరేనంటే, వాలు కొలిచే పనిముట్టు, టేపు పట్టుకుని ఆ కుప్పల చుట్టూ నడుస్తాం. సివిల్ ఇంజనీరింగ్ తెలిసినవారు ఒకరు తోడు వస్తే మేలు. రావాలనుకునేవారు శుక్రవారం లోగా నాకు సందేశం పంపండి.