మొరగడానికే పుట్టిన కుక్క తరఫున

లోకంలో అన్నిటికంటే ఎక్కువసార్లు పుట్టి, అన్నిటికంటే తక్కువసేపు బతికే ప్రాణి ఏదని అడిగితే ఈగ, దోమ అంటూ తొందరపడకండి. అది కుక్క. ప్రోగ్రామింగ్ పాఠంలో కుక్క. ఎక్కడో ఎవరో జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామని కూర్చున్న ప్రతిసారీ, కొత్తది తయారుచెయ్యమనే న్యూ అన్న మాట పక్కన ఉదాహరణగా ఒకటి పుడుతుంది, తెర మీద "భౌ భౌ" అని ఒక్కసారి అంటుంది, అంతటితో ప్రోగ్రామూ అయిపోతుంది, కుక్కా అయిపోతుంది. నిమిరినవాళ్లు లేరు, పేరు పెట్టి రెండోసారి పిలిచినవాళ్లు లేరు. మూగజీవాల మీద ఇంత ప్రేమ ఒలకబోసే మనం దీని గురించి ఒక్కరం కూడా నోరు మెదపకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మొరిగే కుక్క కరవదన్న సామెతను అక్షరాలా అమలు చేసింది ఈ పాఠాలొక్కటే. క్లాస్‌లో, అంటే కుక్క ఎలా ఉండాలో రాసుకున్న నమూనాలో, మొరగడానికి మెథడ్ (అది చెయ్యగల పని) ఉంటుంది, కరవడానికి ఉండదు. నేను చూసిన ఏ పాఠంలోనూ లేదు.

అసలు కుక్క దాకా రావాలంటే ముందు ఒక గండం దాటాలి. "ఇది ఆబ్జెక్టుల భాష, అంతా ఆబ్జెక్టుల చుట్టూనే తిరుగుతుంది" అని మొదటి పేజీలో గంభీరంగా చెప్పి (ఆబ్జెక్ట్ అంటే క్లాస్ అనే నమూనా నుంచి పుట్టిన ఒక్కో కుక్క), రెండో పేజీలో ప్రోగ్రామ్ మొదలయ్యే చోట పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అని రాయిస్తారు. స్టాటిక్ అంటే ఏమిటి? ఆబ్జెక్ట్ అక్కర్లేదని. అంటే ఆబ్జెక్టుల భాషలో మనం రాసే మొట్టమొదటి మెథడే ఆబ్జెక్ట్ లేకుండా నడిచేది. ఆదిలోనే హంసపాదు. ఎందుకండీ ఇలా అని అడిగితే "ఇప్పటికి ఇలాగే టైప్ చెయ్యి, తర్వాత నీకే తెలుస్తుంది" అన్నారు. తెలిసేసరికి అడిగిన సంగతే మర్చిపోయాను. జావా బయటికొచ్చింది 1995లో. ఆ మంత్రం చదవకుండా ఊరికే వాయిడ్ మెయిన్ అని మొదలుపెట్టే వెసులుబాటు పూర్తిస్థాయిలో వచ్చింది 2025లో, జావా 25తో. ముప్పై ఏళ్లు! అర్థం తెలియకుండా ఆ మంత్రం నేర్చుకున్నవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, వాళ్లకీ అదే మంత్రం అప్పజెప్పాక సంస్కరణ జరిగింది. తొందరపాటు నిర్ణయమని ఎవరూ వేలెత్తి చూపలేరు.

సరే, కుక్క. దానికి ఒక వయసు ఉంటుంది. అది దాని సొంత విషయం, బయటివాళ్లు చెయ్యి పెట్టకూడదు, కాబట్టి ప్రైవేట్ అని రాయాలి. దీన్నే ఎన్‌క్యాప్సులేషన్ అంటారు, పరీక్షలో తప్పకుండా వస్తుంది. ఎంత మర్యాద! అయితే ఆ కిందే వయసు చెప్పడానికి గెట్ ఏజ్, మార్చడానికి సెట్ ఏజ్ అని రెండు పబ్లిక్ మెథడ్లు పెట్టిస్తారు. అవి మనం రాయనక్కర్లేదు కూడా, ఎడిటర్‌లో ఒక క్లిక్ కొడితే అదే రాసిపెడుతుంది. సెట్ ఏజ్ లోపల ఏముంటుందీ అంటే, వచ్చిన అంకెని వచ్చినట్టు వయసులో వేసుకోవడం, అంతే. తలుపుకి తాళం వేసి, తాళంచెవిని ఆ తలుపుకే మేకు కొట్టి తగిలించడమన్నమాట. నేర్చుకునే రోజుల్లో నా కుక్క వయసు మైనస్ అయిదు అని ఇచ్చి చూశాను. కిక్కురుమనకుండా తీసుకుంది. పుట్టడానికి ఇంకా అయిదేళ్లున్న కుక్క నిక్షేపంగా "భౌ భౌ" అంది. వచ్చిన విలువ సరైనదా కాదా అని ఆపి అడగడానికే అక్కడ ఆ సెట్ ఏజ్ ఉందని నాకెవరూ చెప్పలేదు. చెబితే బహుశా పాఠం అరపేజీ పెరిగేది.

ఇక వారసత్వం. కుక్క జంతువు నుంచి వస్తుంది, పిల్లీ జంతువు నుంచే వస్తుంది, కాబట్టి తినడం, నిద్రపోవడం రెండింటికీ తాతల ఆస్తిలాగా ఉచితంగా దక్కుతాయి. బాగుంది. ఆస్తితోపాటు అప్పులూ వస్తాయన్నది మాత్రం పాఠంలో ఉండదు. పక్షి అని ఒక క్లాస్ రాసి అందులో ఎగురు అనే మెథడ్ పెట్టండి, తర్వాత పెంగ్విన్ రాయండి. దానికీ ఎగరడం వచ్చేసింది, వద్దన్నా పోదు. అప్పుడేం చేస్తారంటే, ఆ మెథడ్ లోపల "నా వల్ల కాదు" అని ఒక ఎక్సెప్షన్, అంటే పొరపాటు జరిగిందన్న కేక, విసిరేలా రాస్తారు. పెంగ్విన్ ఎగరలేకపోవడం ప్రకృతి, ఎగరమని అడిగిన పాపానికి ప్రోగ్రామ్ మొత్తం కుప్పకూలడం ఇంజనీరింగ్.

ఇవన్నీ కొత్తవాళ్లు చేసే తప్పులనుకుంటున్నారేమో. జావాతోపాటే వచ్చే స్టాక్ అన్న క్లాస్‌ని చూడండి. స్టాక్ అంటే దొంతర, ఆఖర్న పెట్టినదాన్నే ముందు తియ్యాలి, మధ్యలో వేలు పెట్టకూడదు, దాని ధర్మమే అది. కానీ మొదటి వెర్షన్ నాడే దాన్ని వెక్టర్ అనే జాబితా క్లాస్‌కి వారసుణ్ని చేశారు. వెక్టర్‌లో ఎక్కడంటే అక్కడ దూర్చొచ్చు గనక ఈ రోజుకీ జావా స్టాక్ నడిమధ్యలో మీరు ఏదైనా దూర్చొచ్చు. ఇప్పుడు దాని డాక్యుమెంటేషనే దీని బదులు డెక్ అన్న ఇంకోదాన్ని వాడుకోండని సలహా ఇస్తోంది. కన్నవాళ్లే పెళ్లిచూపులకొచ్చిన వాళ్లతో "మావాడొద్దు, పక్కింటబ్బాయిని చూసుకోండి" అన్నట్టు.

పాలిమార్ఫిజం, అంటే ఒకే పిలుపుకి ఒక్కో జంతువు ఒక్కో రకంగా పలకడం, దాని దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం కాగితాల మీదికి పోతుంది. జంతువు అనే టైపుతో వేరియబుల్ అనే ఒక డబ్బా పెట్టి అందులో కుక్కని కూర్చోబెడతాం. శబ్దం చెయ్యమంటే "భౌ భౌ" అంటుంది, అందరం చప్పట్లు కొడతాం. ఇప్పుడు తోక ఊపమనండి. ఎదురుగా కుక్క ఉంది, దానికి తోక ఉంది, ఊపే మెథడ్ మనమే రాశాం. అయినా ప్రోగ్రామ్ నడవకముందే దాన్ని చదివి సరిచూసే కంపైలర్ కళ్లజోడు సవరించుకుని, "జంతువు అన్న కాగితంలో తోక ప్రస్తావన లేదండీ" అంటుంది. అప్పుడు ఇది నిజంగా కుక్కేనని మనం హామీ రాసివ్వాలి, దాన్ని క్యాస్టింగ్ అంటారు. ఆ హామీని నమ్మి సంతకం పెట్టేస్తుంది. తీరా నడుస్తుండగా లోపలున్నది పిల్లి అని తేలితే క్లాస్ క్యాస్ట్ ఎక్సెప్షన్ అని కేసు మన మీదే పడుతుంది. ఇంత పద్ధతిగా నడిచే ఆఫీసు నేను ఇంకెక్కడా చూడలేదు.

మొదటిరోజు ఇంకో ఓదార్పు కూడా ఉంటుంది: "జావాలో మనం పట్టించుకోవాల్సిన పాయింటర్లు లేవు, నిశ్చింతగా ఉండండి." పాయింటర్ అంటే వస్తువు ఎక్కడుందో చూపే గుర్తు. వారం తిరక్కుండా తెర నిండా ఎర్రగా ఒకటి వస్తుంది, దాని పేరు నల్ పాయింటర్ ఎక్సెప్షన్. లేనిదాని పేరు మీదే తప్పు పడుతుంది! జరిగింది చిన్న విషయమే, గొలుసు చేతిలో ఉంది, ఆ చివర కుక్క లేదు. మనం చూసుకోకుండా మొరగమన్నాం. ఆ చివర ఏమీ లేదని చెప్పే ఈ నల్ అనేదాన్ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం పెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో ఒక సభలో అది తన వంద కోట్ల డాలర్ల తప్పని స్వయంగా ఒప్పుకున్నారు. పెద్దమనిషి. కాకపోతే ఆ లెక్కలో నా నిద్రలేని రాత్రులు కలిపినట్టు లేరు.

నిజానికి ఇదంతా మొదలుపెట్టినవాళ్లకి కుక్కతో ఏ పేచీ లేదు. 1960ల్లో నార్వేలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ సిములా అనే భాష చేసింది బయటి ప్రపంచంలో జరిగే పనుల్ని కంప్యూటర్‌లో నడిపి చూసుకోవడానికి. క్యూ ఎంత పొడుగు పెరుగుతుంది, పని ఎక్కడ ఇరుక్కుంటుంది, ఇలాంటివి. అక్కడ ఒక ఆబ్జెక్ట్ అంటే నిజంగానే ఒక వస్తువు, దానికో పని, దానికో కారణం. ఆ తర్వాత కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ కే వచ్చారు. ఈ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న మాట ఆయనదే, జీవశాస్త్రం చదువుకున్న మనిషి. ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకున్నట్టు ప్రోగ్రామ్ ముక్కలు మాట్లాడుకోవాలన్నది ఆయన ఊహ. చాలా ఏళ్ల తర్వాత, ఆబ్జెక్ట్ అని పేరు పెట్టి తప్పు చేశాననీ, కబురు వదిలేసి జనం వస్తువుల్ని పట్టుకున్నారనీ ఆయనే విచారపడ్డారు. ఆయనకి తెలియనిదేమిటంటే, మేం వస్తువుల దగ్గర కూడా ఆగలేదు. కుక్క తోక పట్టుకున్నాం.

దాని అంత్యక్రియల గురించి ఎక్కువ చెప్పను. ఎవరికీ అక్కర్లేని ఆబ్జెక్టుల్ని గార్బేజ్ కలెక్టర్ ఎత్తుకెళ్తుంది. ఎప్పుడొస్తుందో అది చెప్పదు, మనం పిలిచినా అది మనవి కిందే లెక్క. పోయేముందు చివరి మాట చెప్పుకోవడానికి ఫైనలైజ్ అని ఒక మెథడ్ ఉండేది, జావా 9 నుంచి అదీ వాడొద్దంటున్నారు.

ఉద్యోగంలో చేరాక నాకు కుక్క కనబడలేదు. పిల్లీ లేదు. మేనేజర్లు, హ్యాండ్లర్లు, ఫ్యాక్టరీలు ఉన్నాయి. మేం వాడే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ కోడ్ కట్టలో యాబ్‌స్ట్రాక్ట్ సింగిల్‌టన్ ప్రాక్సీ ఫ్యాక్టరీ బీన్ అని ఒక క్లాస్ ఉంది, ఒట్టు, అయిదు మాటలూ కలిపి ఒకటే పేరు. అది మొరుగుతుందా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మొన్న మా టీమ్‌లోకి ఒకబ్బాయిని ఇంటర్వ్యూ చెయ్యమని నన్ను కూర్చోబెట్టారు. పాలిమార్ఫిజం అంటే ఏంటి బాబూ అన్నాను. "సార్, యానిమల్ అని ఒక క్లాస్ ఉందనుకోండి..." అని ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు. చెయ్యెత్తి ఆపాను. కుక్కలూ పిల్లులూ వద్దు, నువ్వు నిజంగా రాసినదాంట్లోంచి ఏదైనా చెప్పు, తొందరేం లేదు, ఆలోచించుకో అన్నాను. పాపం కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి మొహం వెలిగిపోయింది.

"సార్, వెహికల్ అని ఒక క్లాస్ ఉందనుకోండి..."