నల్లపూసైన పిట్ట

మా ఇంట్లో దిండు కనిపిస్తే ముందు తడిమి చూసుకోవాలనే నియమం మా ఆయన అనుభవంలోంచి పుట్టింది. ఓ మధ్యాహ్నం సోఫాలో గుండ్రటి దిండు చూసి ముచ్చటపడి చెంప ఆనించారు. దాని మీద రెండొందల గుండుసూదులు, వాటి మధ్య సగం అల్లిన లేసూ ఉన్నాయి. భీష్ముడంతటి వాడికి అర్జునుడు మూడంటే మూడు బాణాలతో తలగడ అమర్చాడు. మా ఆయనకు నేను లోటు చేయలేదు.

ఆయన కేక నాకు వినబడింది కానీ ముందు నా కళ్లు వెళ్లింది ఆ లేసు దారాలు చుట్టిన కండెల మీదికి. ఇరవై నాలుగు జతలు, అంటే 48 కండెలు, ఒకదాని మీద ఒకటి పడి గుట్టగా ఉన్నాయి. ఇలా దిండు మీద కండెలతో అల్లే బాబిన్ లేసులో చేతికి పని చెప్పేవి రెండే కదలికలు: దాటించడం, మెలిపెట్టడం. నాలుగేసి కండెలు పట్టుకుని మధ్యలో రెండింటినీ ఒకదాని మీంచి ఒకటి దాటించాలి, తర్వాత ఏ జతకా జత మెలిపెట్టాలి. ఇంత సులువైన పని మరొకటి లేదనిపిస్తుంది, ఎక్కడిదాకా వచ్చామో మరిచిపోనంత వరకూ. మరిచిపోయాక నలభై ఎనిమిదీ ఒకే ముఖం పెట్టుకుని అమాయకంగా చూస్తాయి.

ఆ లేసు ఓ పిట్టకు రెక్క. నా సొంత ఊహ. రెక్కలు రెండూ లేసు, ఒళ్లంతా ఎంబ్రాయిడరీ, కన్నుకు ఒక నల్లపూస. అసలు గొప్ప ఏమిటంటే వెనక గుడ్డ ఉండదు! కిటికీలో వేలాడదీస్తే వెలుతురు ఇటు నుంచి అటు పోవాలి.

"గుడ్డ లేకపోతే కుట్టు దేన్ని పట్టుకుని ఉంటుందే అమ్మాయ్?" అన్నారు అత్తయ్య, కళ్లజోడు మీంచి చూస్తూ.

నేను నవ్వి చరిత్ర విప్పాను. 16వ శతాబ్దంలో ఇటలీ ఆడవాళ్లు గుడ్డలో పోగులు లాగేసి కుట్టీ కుట్టీ, చివరికి గుడ్డే అక్కర్లేదని వదిలేశారనీ, ఆ పనికి 'పుంటో ఇన్ ఆరియా', అంటే గాలిలో కుట్టు అని పేరనీ చెప్పాను. 19వ శతాబ్దం చివర్లో యంత్రాల వాళ్లు పట్టు గుడ్డ మీద నూలు దారంతో కుట్టి, ఆ పట్టును కాస్టిక్ సోడాలో కరిగించేసి, మిగిలినదాన్ని లేసని అమ్మారనీ చెప్పాను. ఇప్పుడు సోడా కూడా అక్కర్లేదు, మామూలు నీళ్లలో కరిగే గుడ్డ వచ్చింది అన్నాను. అత్తయ్య "ఊఁ" అన్నారు. ఆ ఊఁ ఎలాంటిదో కోడళ్లకు చెప్పక్కర్లేదు.

మూడు వారాలు పట్టింది. నీళ్లలో కరిగే గుడ్డను ఫ్రేముకు బిగించి పిట్ట ఒళ్లంతా శాటిన్ కుట్టుతో నింపాను. నాలుగు రకాల నీలాలు, మెడ దగ్గర ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయేలా. ఆ మెడ గురించి ఎంతసేపైనా చెప్పగలను, చూపించడానికే లేదు. తర్వాత లేసు రెక్కలు తెచ్చి అతికించి కుట్టాను, పూస పెట్టాను. రాత్రి అందరూ పడుకున్నాక సింకులో గోరువెచ్చటి నీళ్లు పోసి, పిట్టకు స్నానం చేయించాను.

మొదట గుడ్డ జిగురైంది. తర్వాత మాయమైంది. ఆ తర్వాత మెడ కాస్త పొడుగైంది. ఈకలు వదులవుతున్నాయి కాబోలు, సహజంగా ఉంటుందిలే అనుకుని కొస పట్టుకుని పైకెత్తాను. ఒళ్లు కింద ఉండిపోయింది.

శాటిన్ కుట్టులో దారాలు ఎంత ఒద్దికగా పక్కపక్కనే పడుకున్నా, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోదు. అన్నీ గుడ్డనే పట్టుకుంటాయి. గుడ్డ పోయిందా, ఎవరి దారి వారిదే. ఇటలీ వాళ్లు ఊరికే గాలిలో కుట్టలేదు. తోలు కాగితం మీద ముందు దారాలు పరిచి, వాటిని తాత్కాలికంగా టాకాలేసి, ఆ దారాలకే కాజా కుట్లు చుట్టారు. టాకాలు తెంపి కాగితం తీసేసినా కుట్లకు ఆ దారాలుంటాయి. నేనూ కరిగే గుడ్డ మీద ముందు అడ్డంగా నిలువుగా దారాల వల ఒకటి కుట్టుకుని ఉండాల్సింది. ఇదంతా నేను చదివాను. అత్తయ్యకు చెప్పేటప్పుడు ఆ ముక్క మింగేశాను.

రెక్కలకు మాత్రం ఏమీ కాలేదు. లేసు కదా, దాని దారాలు దానికే అల్లుకుని ఉంటాయి. పైగా నేను సరిగ్గా కడగలేదేమో, మిగిలిన జిగురుకు గంజి పెట్టినట్టు బిర్రుగా అవుతున్నాయి. వంకర పోకుండా ఆరాలని దిండు మీద పరిచి చుట్టూ గుండుసూదులు గుచ్చాను. సింకు జాలీలో చిక్కుకున్న నీలం దారాల ఉండలోంచి వేళ్లతో పూసను వెతికి తీశాను.

తెల్లారి మా ఆయన అటుగా వచ్చారు. దిండును చూడగానే చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుని, కాస్త దూరంగా నిలబడి వంగి చూశారు.

"రెక్కలున్నాయి సరే, పిట్టేదీ?"

వెనక గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు.

"నల్లపూసైపోయిందండీ," అని అరచెయ్యి తెరిచి చూపించాను.