అట్లు పోస్తారా, వేస్తారా?

మన తెలుగు సంఘం ఉగాది నాడు పెట్టిన పిల్లల మాటల పోటీలో మా తొమ్మిదేళ్ల పాప "మా నాయనమ్మ అట్లు పోసింది" అని చెప్పింది. "అట్లు వేస్తారు, పోసేది నీళ్లు" అని సరిదిద్ది న్యాయనిర్ణేత రెండు మార్కులు తగ్గించారు. వేదిక దిగి వచ్చిన పాప నా చెవిలో అడిగింది: "నాయనమ్మకు తెలుగు రాదా నాన్నా?" నెల దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

కిందటి వేసవిలో మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పాప స్టూలెక్కి పొయ్యి పక్కనే నిలబడేది. అమ్మ పలచటి పిండిని పెనం అంచు నుంచి మొదలుపెట్టి, గిన్నెతో గుండ్రంగా తిప్పుతూ మధ్యకు పోసుకొచ్చేది. పిండి సుయ్యిమని చిల్లులు పడేది. గరిటె అడుగుతో రుద్దడం ఉండదు. పాప కళ్లతో చూసి నేర్చుకున్న క్రియ అది.

తెలుగులో పోయడం నీళ్ల దగ్గరే ఆగలేదు. రైతు నారు పోస్తాడు, మంత్రసాని పురుడు పోస్తుంది, శిల్పి విగ్రహాన్ని పోత పోస్తాడు, కళ్లంలో ధాన్యం రాశి పోస్తారు. మొన్న సంక్రాంతికి మన హాల్లోనే పిల్లలకు భోగిపళ్లు పోశాం కదా! తడి ఉందా లేదా అని ఈ మాట చూడదు. ప్రాణమూ పోస్తాం, ఒకరిని ఏడిపించి వాళ్ల ఉసురూ పోసుకుంటాం. తమిళులు వాన కురవడానికి వాడే 'పెయ్', కన్నడిగుల 'హొయ్యు' దీనికి తోబుట్టువులంటారు భాషావేత్తలు.

ధారపోయడం సంగతి చూడండి. దానమిచ్చేవారు పుచ్చుకునేవారి చేతిలో నీళ్లు వదిలితేనే ఆ దానం ఖాయమయ్యేది. అందుకే బలిచక్రవర్తి వామనుడికి దానమివ్వబోతే శుక్రాచార్యుడు వెళ్లి కలశం రంధ్రానికి అడ్డుపడ్డాడు. అదే ఉగాది సాయంత్రం మన కార్యకర్తలకు శాలువాలు కప్పి "కాలం ధారపోశారు" అన్నాం. అక్కడ చెల్లిన మాట పెనం మీద ఎందుకు చెల్లదు?

ఆ న్యాయనిర్ణేత మంచి మనిషి. ఆదివారం తెలుగు తరగతిలో దొరికే రెండు గంటల్లో మాటకు ఒక్క అర్థమైనా పిల్లల నోట నిలబడాలన్న వారి ఆరాటం నాకు తెలుసు. వారింట్లో అట్లు వేసేవారేమో, అదీ తెలుగే. కానీ ఇంటి మాటను తప్పంటే పిల్లలు వదిలేసేది మాటనే కాదు.

దసరా పోటీలకు, మనవళ్లను చూడడానికి వచ్చిన అమ్మమ్మల్లో ఒకరికి న్యాయనిర్ణేతల పక్కన కుర్చీ వేయండి. మార్కు తీసేముందు "మీ ఇంట్లో ఇలాగే అంటారామ్మా?" అని ఒక్కసారి అడగండి. మీకు చేతులెత్తి మొక్కుతాను.

మొన్న ఫోనులో పాప మా అమ్మను అడిగింది: "నాయనమ్మా, ఇవాళ అట్లు వేశావా?"