క్రైస్తవ రైతు సంఘం వారి వినతిపత్రానికి ఒక వినతి

మహారాజశ్రీ వినతిపత్రం గారికి,

నున్నటి కాగితం మీద, నాలుగు రంగుల్లో, నెత్తిన సిలువ, దాని కింద నాగలి, పక్కన వరికంకి పెట్టుకుని మీరు సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వేంచేస్తారు. మీ ఒక కొస ఆఫీసరు చేతిలో, ఇంకో కొస పదిమంది పెద్దల చేతుల్లో. ఆ ఫొటో వాట్సాప్‌లో నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా నాగర్‌కర్నూల్ చేరిపోయినా మీకింకా కౌంటర్ దగ్గర నంబరు పడదు. పడేదాకా నిలబడటానికి మీ వెంట ఎవరూ మిగలరు. అప్పటికి బిర్యానీ టైమవుతుంది.

మీ ఒంటి నిండా 21 డిమాండ్లు. ఒకటే కాగితం కలెక్టరుకూ, ఎమ్మెల్యేకూ, తహసీల్దారుకూ. మొదటి డిమాండు 1950 రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని. న్యాయమైన కోరికే. ఆ ఉత్తర్వులోకి సిక్కులు 1956లో, బౌద్ధులు 1990లో వచ్చారు. క్రైస్తవులు ఇప్పటికీ గడప బయటే, మన తెలంగాణలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో. అయితే ఆ సవరణ చేయాల్సింది పార్లమెంటు. తహసీల్దారు దాన్ని చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, ఫైల్లో పెట్టడం తప్ప ఏం చేయగలడు? రెండోది, ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం పూర్తి చేయాలని. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, 2025 ఫిబ్రవరిలో ఎనిమిది మందిని మింగిన సొరంగం. దాన్ని మండలాఫీసు నుంచి తవ్వించాలని మీ ఉబలాటం. తర్వాత సమాధుల తోటకు స్థలం, క్రిస్మస్ కానుకల్లో చీర నాణ్యత. వడ్ల కాంటా సంగతి పదిహేడో నంబరు. అదీ ఒక్క వాక్యం: ‘ధాన్యం కొనుగోళ్లలో రైతులకు జరుగుతున్న అన్యాయాన్ని అరికట్టాలి.’

ఏ కొనుగోలు సెంటర్లో, ఏ తారీఖున, ఎన్ని బస్తాల మీద, ఎంత? తాడూ బొంగరం లేని ఆ వాక్యం ఏ ఆఫీసులోనైనా సుఖంగా నిద్రపోతుంది. అన్యాయానికి కిలోలున్నాయండీ. హార్వెస్టర్ కోసిన వడ్లలో తేమ 20 నుంచి 25 శాతం ఉంటుంది. సెంటర్లో 17 దాటకూడదు. పట్టాల మీద పలచగా పోసి, రోజూ తిరగేస్తూ మూడు నాలుగు రోజులు ఎండబెడితే గానీ దిగదు. మబ్బు పట్టిందా, వారం. తాలూ, పొల్లూ తూర్పార పట్టాలి. మట్టి, రాళ్లు ఒక శాతం మించకూడదు, చెత్త ఇంకో శాతం. ఇవన్నీ తేలాక 40 కిలోల వడ్లు, జూట్ సంచి బరువు 580 గ్రాములు కలిపి కాంటా మీద 40 కిలోల 580 గ్రాములు చూపాలి. 42 కిలోల 580 గ్రాములు చూపేదాకా పోస్తున్నారంటే మిగతాది తరుగు పేరుతో పోతున్నట్టే. బస్తాకు రెండు కిలోలంటే వంద బస్తాలకు రెండు క్వింటాళ్లు. 2025-26 ఏ గ్రేడ్ మద్దతు ధర 2389 చొప్పున 4778 రూపాయలు. దొంగత్రాసు దేవునికి అసహ్యమని ఆదివారం ప్రసంగం విని ఆమెన్ అన్న నోరే సోమవారం ఆ కాంటా ముందు ‘కానీయండి సారూ’ అంటుంది. లారీ లేటయితే కుప్ప తడుస్తుందనే భయం మరి. ఆ భయం సెంటర్ వాళ్లకూ తెలుసు, మిల్లు వాళ్లకూ తెలుసు, మీకు మాత్రం తెలియదు.

రెండో కోత మిల్లు దగ్గర. కాంటా అయిపోయాక రైతుకు మిల్లుతో పనిలేదని ప్రతి సీజన్లో అధికారులే చెబుతారు. లారీ పోయిన మర్నాడు ‘తాలు ఎక్కువుంది, నాలుగు బస్తాలు తగ్గిస్తాం’ అని ఫోనొస్తుంది. ట్రక్ షీట్ మీద ఎన్ని బస్తాలు రాశారో అన్నింటికే డబ్బు పడుతుంది. కాబట్టి మీరు మోసుకెళ్లాల్సినవి ఇవి: తేమ మీటర్ అంకె కనబడే ఫొటో, కాంటా చీటీ, లారీ నంబరు, ట్రక్ షీట్ నకలు. కాంటాలోనే మోసముంటే తూనికలు, కొలతల శాఖ. కోత సంగతికి పౌర సరఫరాల జిల్లా మేనేజరు, అదనపు కలెక్టరు. ఒక్కో ఆఫీసుకు ఒక్కో కాగితం, ఒక్కో కాగితంలో ఒక్కటే విషయం. సన్నబడండి కొంచెం.

అయినా తరుగు గురించి ఎర్రజెండా వాళ్లూ అడుగుతారు. మీరు తప్ప ఇంకెవరూ అడగనిది ఒకటుంది, అది మీ 21లో లేనే లేదు. పాసుపుస్తకంలో మల్లయ్య, బాప్తిస్మం రిజిస్టర్లో మత్తయి, బ్యాంకులో మల్లేశు. ఈ ముగ్గురూ ఒక్కరేనని మనిషి బతికున్నన్నాళ్లూ ఊరంతా చెబుతుంది. పోయాక కాగితమే చెప్పాలి. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు 5 లక్షలు. నామినీ చోట మార్తమ్మ అనీ, ఆధార్‌లో మారెమ్మ అనీ ఉంటే ఆ ఫైలు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) బల్ల దాటదు. పెళ్లి సర్టిఫికెట్ తెస్తే, ఇచ్చిన పాస్టరయ్యకు 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్స్ ఉందా అంటారు. లేకపోతే అది సువార్త కూటాల కరపత్రంతో సమానం.

విరాసత్, అంటే వారసుల పేరున పట్టా మార్పు, ఇంకా చిక్కు. వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తిలో, 1925 వారసత్వ చట్టం ప్రకారం, భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ బిడ్డలకూ సమానంగా. మూడెకరాలుంటే ఆమెకు 40 గుంటలు. అదే ఆయన స్వార్జితానికి హిందూ వారసత్వ చట్టం పెడితే, నలుగురు పిల్లలుండి అత్త బతికి లేకపోతే, ఆమెకు ఐదో వంతు, 24 గుంటలు. ఆ 16 గుంటల కోసం ‘మేము క్రైస్తవులం’ అని రాసిస్తే కొడుకు ఎస్సీ సర్టిఫికెట్‌కు ఎసరు. రాయకపోతే తల్లికి కోత. మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో ఇది నోరు విప్పి మాట్లాడుకునే సంగతి కాదు, అందుకే సంఘమనేది కావాలి. వీలునామా తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది. రాసినాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్టర్ చేయిస్తే గొడవ తక్కువ. కోతల పండుగ వేలంలో గుమ్మడికాయ పాడే టైంలో సగం పెడితే ఒక ఊరికి సరిపడా వీలునామాలు రాయించొచ్చు.

కౌలు రైతులకు గుర్తింపు కార్డులివ్వాలని కూడా అడిగారు, పంతొమ్మిదో నంబరు. మంచిదే. చర్చి మిషన్ భూమి కౌలుకిచ్చిన చోట మన సంఘమే రశీదు ఇవ్వడం మొదలుపెడితే ఎలా ఉంటుంది? ఊరికే అడిగాం.

కెనడాలోని ఒంటారియోలో 1954 నుంచి క్రైస్తవ రైతుల సమాఖ్య ఒకటుంది. అక్కడ వ్యవసాయం నమోదు చేసుకునే రైతు గుర్తింపున్న సంఘాల్లో తనకు నచ్చినదానికి ఏటా రుసుము కడతాడు. కట్టినవాడికి అడిగే నోరుంటుంది. మీ దగ్గర చందా బుక్కు ఉంది గానీ లెక్కల బుక్కు ఎవరింట్లో ఉందో తెలియదు.

ఇక వచ్చే సోమవారం మీరు ఫొటో దిగాక ఇంటికి పోకండి. కౌంటర్లో నంబరు తీసుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే, ఆ నంబరు రాసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండలాఫీసుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10, 30 రోజుల్లో జవాబు. మీ ఒంటి మీది నాలుగు రంగుల ప్రింటుకు అంతకన్నా ఎక్కువే అయ్యుంటుంది.

ఇట్లు,
మర్నాడు పేపర్లో పెద్దల పేర్లన్నీ అయ్యాక చివర పడే ‘తదితరులు’