చిన్న మ్యూజియం, పెద్దల చలవ

మ్యూజియం అన్నాక ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. మొన్న కుటుంబ సమేతంగా అమరావతి పురావస్తు మ్యూజియం చూసొచ్చాక, ఈ విషయంలో మన పెద్దల ముందుచూపు ఎంతటిదో తెలిసొచ్చింది.

పల్నాటి సున్నపురాయి మీద శాతవాహనుల కాలంలో అంత పనితనం చూపించిన బౌద్ధ మహాస్తూపం అమరావతిది. ఉన్నది ఉన్నట్టు మిగిలి ఉంటే చూడ్డానికి నాలుగు రోజులు పట్టేది. మా ఇంట్లో అందరికీ మోకాళ్ల నొప్పులు. అదృష్టవశాత్తూ అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి హయాంలోనే కొన్ని రాళ్లు కొత్త కట్టడాల్లో సర్దుకున్నాయి. మరికొన్ని బట్టీలో కాలి సున్నమయ్యాయి. ఆ రాళ్ల మీది జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, వెల్లగా మారి గోడలెక్కాయన్నమాట. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ రోజుల్లో కథలు కూడా ఉండేవి.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ 1816లో రెండోసారి వచ్చి, మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించే పనిలో పడ్డాడు. అప్పటికే దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు! 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కి ఓడెక్కింది. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు 120కి పైగా ఉన్నాయి. వీసా దొరికినవాళ్లు చూసొస్తారు. మన నెత్తిన బరువు తగ్గింది కదా, అది చాలు.

అలా మిగిలిన వాటిలో ఒక పలక దగ్గర మా బావమరిది ఆగిపోయాడు. మెత్త వేసిన సింహాసనం, ఖాళీ. కింద చక్రాలు చెక్కిన రెండు పాదాలు. అటూ ఇటూ వంగి దండం పెడుతున్న జనం.

"బుద్ధుడేడి బావా?"

తొలినాళ్ల శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదనీ, పాదాలో చక్రమో బోధివృక్షమో చూపించి ఊరుకునేవారనీ గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"అర్థమైందిలే. సార్ సీట్లో లేరు."

పట్టాదారు పాసుపుస్తకం కోసం మూడు నెలలుగా తిరుగుతున్న మనిషి. కుర్చీ ఉంటుంది, చుట్టూ దండాలు పెట్టేవాళ్లుంటారు, ఆయన మాత్రం ఉండడు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి కళను ఇంత త్వరగా పట్టేసినవాణ్ణి నేను చూడలేదు.

మేమంతా బయటికొచ్చేశాం. వాడింకా అక్కడే ఉన్నాడు.

"పాదాలు ఇక్కడే ఉన్నాయంటే మనిషి ఎంతో దూరం పోయుండడు" అంటూ, ఎందుకైనా మంచిదని తనూ ఓ దండం పెట్టాడు.