బొగ్గుబాయిలోకి పిల్లల్ని దింపాలంటే

సెలవులొస్తే హైదరాబాద్‌లో ఈ మాట వినపడుతుంది: "మా బాబాయి కొత్తగూడెం బొగ్గుబాయిలో ఓవర్‌మ్యాన్ (పని చూసే సూపర్‌వైజర్). చెప్తే పిల్లల్ని ఒక్కసారి బాయిలకు తీస్కపోతడు." దయచేసి ఆ బాబాయిని అడగకండి. చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లకు గనిలో పని ఇవ్వకూడదు. పాత మైన్స్ యాక్ట్ 1952 అయితే గని పని నడిచేచోట భూమి పైన కూడా వాళ్లను ఉండనివ్వలేదు. మీ ముచ్చట కోసం ఆయన ఉద్యోగం ఇరకాటంలో పడుతుంది.

"పని ఆగిపోయిన పాత బాయే కదా" అంటారు. నాకు ఎక్కువ భయం అక్కడే. లోపలికి గాలి ఆడించే ఫ్యాను ఆపేశాక మిగిలిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లగా పీల్చేసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అది బరువు, డిప్ (పల్లం) వైపు నేలబారుగా నిలుస్తుంది. పెద్దవాళ్ల ఛాతీ ఎత్తున గ్యాస్ మీటరు పట్టి బాగుందంటే సరిపోదు, మూడడుగుల పిల్లవాడి ముక్కు ఎత్తునా చూడాలి. మీథేన్ తేలిక, గని పైకప్పు కింద చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. తుపాను ముందు గాలి పీడనం పడిపోతే, మూసేసిన గోఫ్‌లోని (బొగ్గు తీసేసిన ఖాళీలోని) వాయువులు గోడ సందుల్లోంచి బయటికి తన్నుకొస్తాయి, నిన్నటి రీడింగు ఇవాళ పనికిరాదు. గని మనుషులు ప్రమాదంలో నోటికి పెట్టుకునే ఫిల్టర్ రకం సెల్ఫ్ రెస్క్యూయర్ కార్బన్ మోనాక్సైడ్‌నే ఆపుతుంది, ఆక్సిజన్ ఇవ్వదు. పైగా దాని ముక్కు క్లిప్పు పెద్దల కొలతది. ఇక నీళ్లు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ అనే బొగ్గుబాయిలో 17 మంది ప్రాణాలు తీసింది పక్కనున్న, తవ్వి వదిలేసిన పాత గుల్లల్లో నిలిచిన నీరే.

అయినా మన పిల్లలు బాయి చూడాలి. 1889 నుంచి ఇల్లెందులో బొగ్గు తవ్వుతున్న నేల ఇది. వేల్స్‌లో 1980లో మూతపడ్డ బిగ్ పిట్ బొగ్గుగనిని 1983లోనే సందర్శకులకు తెరిచారు. 90 మీటర్ల లోతుకు దింపుతారు, ఫోన్లూ బ్యాటరీ గడియారాలూ పైనే తీసుకుంటారు. మనకూ అలాంటిది ఒక్కటి కావాలి.

బాయంతా అక్కర్లేదు. ఇంక్లైన్ (లోపలికి వాలుగా దిగే సొరంగం) ముఖద్వారం నుంచి మొదటి రెండొందల మీటర్లు చాలు. ఆ తర్వాతిదంతా గట్టి గోడలతో మూసి, గాలి నమూనా తీసే గొట్టం, నీరు పోయే గొట్టం పెట్టాలి. ఫ్యాను ఆగకూడదు, మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనమీటర్ల గాలి అందాలి. ఆక్సిజన్ 19 శాతం కన్నా తగ్గితే ఆ రోజు గేటు తెరవొద్దు. ప్రతి ఉదయం కప్పును కర్రతో తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే పొర విడిపోతోందని అర్థం, దాన్ని రాల్చేసి బోల్టు వేయాలి. లోపలికెళ్లే ప్రతి పిల్లకూ టోకెన్, గడ్డం కింద పట్టీ బిగిసే చిన్న హెల్మెట్ ఉండాలి. ఉత్తుత్తి పేలుడు చప్పుళ్లు మాత్రం వద్దే వద్దు, చీకట్లో బెదిరిన పిల్లలు పరుగెత్తుతారు. రాతిలో గ్లోసోప్టెరిస్ ఆకు అచ్చు చూపించి, 25 కోట్ల ఏళ్లకు ముందటి చెట్టని చెప్పండి. తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) చేతికిచ్చి ఎత్తమనండి.

స్కూలు టూరుకు డబ్బు కట్టేముందు తల్లిదండ్రులు రెండే అడగండి: బయటికొచ్చే రెండో దారి ఏది, ఇవాళ్టి గ్యాస్ రిజిస్టర్ ఎక్కడ. రెండూ చూపించలేకపోతే బస్సు వెనక్కి తిప్పించండి.